తిరిగి ఇంటికి వచ్చే బండి

పెళ్ళి సంబంధాల విషయంలో నా సలహా అడిగినవాళ్ళున్నారు. ఇల్లు కొనబోతూ, గోడలు తట్టి చూడమని వెంట తీసుకువెళ్ళినవాళ్ళూ వున్నారు. కాని ఏ మోటారు సైకిలు నమ్మదగినదో చెప్పమని ఎవరైనా నన్ను అడుగుతారని మాత్రం ఎన్నడూ అనుకోలేదు. నేను బస్సు మనిషిని. కిటికీ పక్క సీటు దొరికితే అదే నాకు పుష్పక విమానం.

అడిగినావిడ మా వీధిలోనే మూడిళ్ళ అవతల వుంటారు. ఆవిడ భర్త ఓవర్సీరుగా పనిచేసి రిటైరైన మనిషి. ఒక్కడే కొడుకు. కిందటేడు మాఘంలో పెళ్ళి చేశారు. చైత్రం వచ్చేసరికల్లా ఆ కొత్త దంపతులు మోటారు సైకిలు మీద లడఖ్ ప్రయాణం పెట్టుకున్నారు. హైదరాబాదు నుంచి లేహ్‌కు పోనూ రానూ అయిదు వేల కిలోమీటర్ల పైమాట.

"వెళ్ళొద్దని చెప్పమని అడగడం లేదు అన్నయ్యగారూ. చెబితే మాత్రం వింటారా? ఏ బండి మీద వెళితే నడిదారిలో ఆగిపోకుండా తిరిగి ఇంటికి వస్తారో అది చెప్పండి చాలు. అన్నం దగ్గర కూర్చుంటే తండ్రీ కొడుకులకు ఇదే రగడ" అన్నారావిడ.

రగడ ఏమిటంటే, ఆ ఇంట్లో రెండు బళ్ళున్నాయి. ఒకటి ఓవర్సీరుగారిది, 36 ఏళ్ళ నాటిది. రెండోది అబ్బాయిది, కొని రెండేళ్ళయింది. రెంటి పేర్లూ నేను చెప్పను. చెబితే పాఠకులు సగం మంది ఆయన పక్షమూ, సగం మంది అబ్బాయి పక్షమూ చేరి, నాకు ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తారు.

"ఈ 36 ఏళ్ళలో ఒక్కనాడు నా బండి నన్ను రోడ్డు మీద నిలబెట్టలేదు" అంటారు తండ్రి. "దూరాలు పోవడానికే చేసిన బండి నాన్నగారూ నాది. రోజుకు నాలుగు వందల కిలోమీటర్లు పోయినా అలుపెరగదు" అంటాడు కొడుకు. "అందులో కంప్యూటరు చెడితే ఆ కొండల్లో ఎవడు బాగుచేస్తాడురా?" అంటారాయన. ఇద్దరి మాటల్లోనూ నిజం వుంది. అందుకే అది తేలలేదు.

వారం రోజులు గడువు అడిగాను. తెలిసిన మెకానిక్కుల దగ్గర కూర్చున్నాను. నాలుగు పుస్తకాలు తిరగేశాను. అన్నిటికంటె ముందు నా కళ్ళు తెరిపించింది మోటారు సైకిళ్ళతో ఏమాత్రం సంబంధం లేని ఒక పెద్దమనిషి కథ.

ఆయన పేరు అబ్రహాం వాల్డ్. 1902లో, అప్పటి హంగరీలో పుట్టిన గణిత శాస్త్రజ్ఞుడు. 1938లో అమెరికా చేరుకున్నాడు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో కొలంబియా విశ్వవిద్యాలయంలో, సైన్యానికి లెక్కలు కట్టిపెట్టే ఒక బృందంలో పనిచేశాడు. యుద్ధానికి వెళ్ళివచ్చిన విమానాలకు తూట్లు ఎక్కడ పడ్డాయో సైన్యం వారు లెక్క తీశారట. రెక్కలకూ వొంటికీ విస్తారంగా తూట్లు. ఇంజన్ల దగ్గర తక్కువ. అయితే తూట్లు ఎక్కువ పడ్డచోటే ఉక్కురేకు తొడిగిద్దామా అన్నది ప్రశ్న. కాదన్నాడు వాల్డ్. మీరు లెక్కపెట్టినవి తిరిగివచ్చిన విమానాలు మాత్రమే. ఇంజనుకు దెబ్బ తగిలినవి తిరిగిరాలేదు, కాబట్టి మీ లెక్కకు రాలేదు. రేకు తొడగవలసింది అక్కడ!

ఆ వాల్డ్ మన ప్రభుత్వం వారి ఆహ్వానం మీద ఉపన్యాసాలివ్వడానికి 1950లో భారతదేశం వచ్చాడు. ఆ డిసెంబరు 13న ఆయనా, ఆయన భార్యా ఎక్కిన విమానం నీలగిరి కొండల్లో కూలిపోయింది. తిరిగిరాని విమానాల గురించి అందరికంటె బాగా ఆలోచించిన మనిషి, అటువంటి విమానంలోనే, మన దక్షిణాది కొండల్లోనే కన్నుమూశాడు. ఈ సంగతి చదివిన రాత్రి నాకు చాలాసేపు నిద్రపట్టలేదు.

దీనికీ మోటారు సైకిలుకూ ఏమిటి సంబంధమంటారా? "మా తాతగారి బండి నలభై ఏళ్ళుగా నడుస్తోంది, ఆ రోజుల్లో సరుకే వేరు" అని మనమంతా వింటూనే వుంటాం. ఆ బండి తిరిగివచ్చిన విమానం. దానితోపాటు ఆ సంవత్సరమే కార్ఖానా నుంచి బయటపడ్డ తక్కిన బళ్ళు ఏమయ్యాయి? చాలాభాగం పాత ఇనుప సామాన్ల కొట్టుకు చేరి, కరిగి, ఈపాటికి ఎవరింటి కిటికీ ఊచలో అయివుంటాయి. అవి వచ్చి సాక్ష్యం చెప్పవు.

ఎమిలియో స్కాటో అనే అర్జెంటీనా దేశస్థుడు 1985 మొదలు 1995 దాకా ఒకే హోండా గోల్డ్ వింగ్ మీద భూమండలమంతా తిరిగాడు. దాదాపు 7,35,000 కిలోమీటర్లు! గొప్ప బండి, గొప్ప మనిషి. సందేహం లేదు. కాని ఆ ఒక్క బండిని చూసి, ఆ రకం బళ్ళన్నీ అంత దూరం పోతాయని తీర్మానించడం, మా పక్కింటి తాతగారు రోజూ చుట్ట కాల్చి తొంభయ్యేళ్ళు బతికారు గనుక చుట్ట ఆరోగ్యానికి మంచిదనడం వంటిది.

దీనికి తలకిందుల పొరపాటు కూడా ఒకటుంది. బండి సుఖంగా నడుస్తున్నవాడు ఎవరికీ ఏమీ చెప్పడు. చెడినవాడు మాత్రం పదిమందికి చెప్పుకుంటాడు. కనుక ఫిర్యాదులు మాత్రమే విని ఒక బండిని తోసిపుచ్చడమూ తప్పే. ఏ రకం బళ్ళు ఎన్ని అమ్ముడుపోయాయి, అందులో ఎన్ని చెడ్డాయి, ఏమి చెడింది అని అడగాలి.

అట్లా అడిగినవాళ్ళు అమెరికాలో వున్నారు. 'కన్స్యూమర్ రిపోర్ట్స్' అనే పత్రిక 2015లో 11,000 మందికి పైగా తన పాఠకులను వాళ్ళ మోటారు సైకిళ్ళ గురించి అడిగి లెక్క కట్టింది. నాలుగేళ్ళ వయసు వచ్చేసరికి మరమ్మతు పెట్టే బళ్ళు యమహాలో నూటికి 11, హోండాలో 12, కవాసాకిలో 15, హార్లీ డేవిడ్సన్‌లో 26, బి.ఎం.డబ్ల్యూ.లో 40 అని తేలింది. అవి 2008, 2014 సంవత్సరాల మధ్య కొన్న బళ్ళు. నడిచినవి ఆ దేశపు రోడ్లు. కాబట్టి ఈ అంకెలు పట్టుకుని ఇవాళ మన ఊళ్ళో బండి కొననక్కరలేదు. నాకు నచ్చినది మరొక అంకె. "మళ్ళీ కొనవలసి వస్తే ఇదే కొంటారా?" అని కూడా ఆ పత్రికవారు అడిగారు. ఎక్కువ మరమ్మతులు పెట్టే హార్లీ యజమానులలో నూటికి 72 మంది కొంటామన్నారు. తక్కువ పెట్టే హోండా వారిలో 70 మంది! కాకిపిల్ల కాకికి ముద్దని మనవాళ్ళు వూరకే అన్నారా? బండి మంచిదా అని దాని యజమానిని అడిగితే, ఆయన చెప్పేది బండి గుణం కాదు, తన ప్రేమ.

చెప్పుకోదగ్గ విషయం ఇంకొకటి. ఇటువంటి లెక్కలలో ఎక్కువగా చెడుతున్నట్టు కనిపించేవి ఇంజనూ గేర్లూ కావు. కరెంటు తీగలు, బ్రేకులు, పెట్రోలు అందించే ఏర్పాటు, పైపై అమరికలు. మనవాళ్ళేమో బండి కొనేటప్పుడు ఇంజను శబ్దం ఒక్కటీ విని తలవూపుతారు.

ఇవన్నీ ఆలోచించి, వారం తిరిగేసరికి ఓవర్సీరుగారి ఇంటికి వెళ్ళి, తండ్రీ కొడుకులిద్దరినీ కూర్చోబెట్టి నాలుగు ప్రశ్నలు వేశాను. ఇంట్లో దూరప్రయాణానికి బండి కొనే ఆలోచన వున్న పాఠకులు కూడా వేసుకోవచ్చు.

మొదటి ప్రశ్న: బండి ఎన్నిసార్లు ఆగుతుంది, ఆగితే ఎంతసేపు ఆగుతుంది? ఇవి రెండు వేర్వేరు విషయాలు. పదివేల కిలోమీటర్లలో ఒక బండి పదిసార్లు ఆగి, ప్రతిసారీ అరగంటలో లేచిందనుకోండి. మొత్తం అయిదు గంటలు. మరొకటి ఒక్కసారే ఆగి, లారీ ఎక్కి పట్నం చేరి, సామాను కోసం నాలుగు రోజులు కూర్చున్నదనుకోండి. ఏది నమ్మకమైన బండి? ఊళ్ళో ఆఫీసుకు పోయేవాడికి రెండోదే మేలు. కొండల్లో పోయేవాడు ఆలోచించుకోవాలి. పాతబండి తరచు సణుగుతుంది గాని, చప్పుడు చేసో, వాసన వేసో, చమురు కార్చో ముందుగా చెబుతుంది. కొత్తబండి అరుదుగా చెడుతుంది గాని, చెడితే తరచు చెప్పాపెట్టకుండా చెడుతుంది.

రెండో ప్రశ్న: బండి ఏ వయసులో వుంది? యంత్రాలకూ మనుషులకూ ఇక్కడ పోలిక వుంది. పసితనంలో జబ్బులు ఎక్కువ, నడివయసులో తక్కువ, ముసలితనంలో మళ్ళీ ఎక్కువ. ఇంజనీర్లు దీన్ని గీత గీసి చూపిస్తారు. రెండు పక్కలా ఎత్తుగా, మధ్య పల్లంగా స్నానాల తొట్టిలా వుంటుంది. బజారులోకి అప్పుడే దిగిన కొత్త రకం బండిని మొదటి సంవత్సరంలోనే కొనడమంటే తొట్టి అంచు మీద కూర్చోవడం. తప్పులేవో బయటపడి, కంపెనీవారు దిద్దుకునే దాకా ఏడాదో రెండేళ్ళో ఆగినవాడు సుఖపడతాడు.

మూడో ప్రశ్న: సామాను దొరుకుతుందా? ఎన్‌ఫీల్డ్ బుల్లెట్‌ను చూడండి. మన సైన్యం ఆ బండిని ఎంచుకున్నది. 1955లో మద్రాసులో తయారీ మొదలైంది. ఇంగ్లండులో పుట్టింటివారు మూసుకున్నా మద్రాసులో ఆ పాతరకం ఇంజను అర్ధ శతాబ్దానికి పైగా పెద్ద మార్పు లేకుండా సాగింది. అందువల్ల ఏ తాలూకా కేంద్రంలో చూసినా దాన్ని విప్పి బిగించగలిగిన మనిషి ఒకడు తయారయ్యాడు. మైసూరులో 1961 నుంచి తయారైన జావా, దాని తర్వాత వచ్చిన యెజ్డీ కూడా మొండి బళ్ళే. కాని 1996లో ఆ కార్ఖానా మూతపడింది. నాటి నుంచి చిన్న రబ్బరు ముక్క కోసం కూడా అభిమానులు ఊళ్ళు గాలించవలసి వచ్చింది. ఇంజను చావకపోయినా సామాను కొట్టు మూతపడితే బండి మంచం పడుతుంది.

నాలుగో ప్రశ్న: ఏ దారికి? లేహ్ పట్టణమే సముద్రమట్టానికి దాదాపు 3,500 మీటర్ల ఎత్తున వుంది. అక్కడికి పోయే దారిలో కనుమలు ఇంకా ఎత్తు. గాలి పలచన. పాత కార్బురేటరుకు ఈ సంగతి తెలియదు. మైదానంలో పోసినట్టే పెట్రోలు పోస్తుంది. గాలి చాలక ఇంజను ఉక్కిరిబిక్కిరై బలం తగ్గుతుంది, పొగ చిమ్ముతుంది. కొత్తబళ్ళలో గాలి ఎంత వుందో కొలిచి, దానికి తగ్గట్టు పెట్రోలు తగ్గించే ఏర్పాటు వుంది. ఈ ఒక్క విషయంలో అబ్బాయి బండిదే పైచేయి.

ఓవర్సీరుగారు అంతా విని, "ఈ ప్రశ్నలకు జవాబులు నోటితో చెబితే లాభం లేదు. ఇంట గెలిచి రచ్చ గెలవాలి. రెండు బళ్ళనూ పరీక్ష పెడదాం" అన్నారు. న్యాయమైన మాట. ఒక ఆదివారం పాతబండి, మరుసటి ఆదివారం కొత్తబండి. రెండుసార్లూ ఒకటే దారి, ఒకటే బరువు: మనుషులిద్దరు, లడఖ్‌కు తీసుకుపోదలచిన మూటాముల్లె అంతా. హైదరాబాదు నుంచి శ్రీశైలం పోయి రావాలి. నాలుగు వందల కిలోమీటర్ల పైన దూరం, నల్లమల ఘాట్‌రోడ్డు, స్వామి దర్శనం, అన్నీ కలిసివస్తాయి.

కోడలు పిల్ల ఒక నోటుపుస్తకం చేతబట్టింది. బయలుదేరే ముందు ఆయిలు ఎంత వుంది, చైను ఎంత వదులుగా వుంది, టైర్లలో గాలి ఎంత, పోసిన పెట్రోలెంత, అన్నీ రాసింది. తిరిగివచ్చాక మళ్ళీ కొలిచి రాసింది.

పాతబండి దర్జాగా వెళ్ళివచ్చింది. ఎక్కడా ఆగలేదు. ఓవర్సీరుగారు మీసం మీద చెయ్యి వేసుకుంటూ వుండగా, ఆ అమ్మాయి ఆయిలు కొలిచే పుల్ల తీసి చూసి, "మామయ్యగారూ, పొద్దున పై గీత దాకా వుంది. ఇప్పుడు అడుగు గీతకు వచ్చింది" అన్నది.

"అదేమంత విశేషం కాదమ్మా. ప్రతి ఆదివారం నేను కాస్త పోస్తూనే వుంటానుగా" అన్నారాయన.

"ఎంత పోస్తారు?"

ఆయన జవాబు చెప్పలేదు. ఎన్నడూ కొలవలేదు మరి. ఆదివారం ఉదయం తలంటుకుని, బండి తుడిచి, పుల్ల తీసి చూసి, తగ్గినంత పోయడం ఆయనకు సంధ్యావందనంలా అలవాటైపోయింది. రింగులు అరిగి ఇంజను ఆయిలు తాగుతోందన్న సంగతి ఆ అలవాటు చాటున ఏళ్ళ తరబడి దాక్కున్నది. వారానికి నలభై కిలోమీటర్లు తిరిగే బండికి అది చెల్లింది. రోజుకు మూడు వందలు పోయే ప్రయాణంలో ఒక్క పూట మరచిపోతే ఏమవుతుంది? ఆయిలు చాలక పిస్టను వేడెక్కి సిలిండరును పట్టేస్తుంది. వెనక చక్రం ఉన్నపాటున బిగుసుకుపోతుంది. మలుపులో, లోయ పక్కన, వెనక సీటు మీద భార్య కూర్చుని వుండగా అట్లా జరిగితే?

ఆయన ఆ మాట పైకి అనలేదు. కోడలు ముఖం కేసి ఒకసారి చూసి, పుల్ల తుడిచి యథాస్థానంలో పెట్టి, లోపలికి వెళ్ళిపోయారు. నాకు అప్పుడు బోధపడింది. 36 ఏళ్ళుగా రోడ్డు మీద నిలబెట్టలేదన్నది అక్షరాలా నిజం. అయితే నమ్మకంగా వున్నది బండి కాదు, ఆయన. చెడబోయే ప్రతిదాన్నీ చెడకముందే సరిచేస్తూ వచ్చిన ఆ చేతుల గొప్పతనాన్ని ఆయన బండికి కట్టబెట్టారు.

మరుసటి ఆదివారం కొత్తబండి వెళ్ళివచ్చింది. ఆయిలు తగ్గలేదు. కాని చైను వదులైంది, సామాను కట్టే చట్రం బోల్టు ఒకటి సగం వూడివచ్చింది. చైను ఎట్లా బిగించాలో అబ్బాయికి తెలియదు. రెండేళ్ళుగా కంపెనీ వర్కుషాపుకు తోలి, బిల్లు కట్టి తెచ్చుకోవడమే ఎరుగును. అతని బండిలో లోపం లేదు గాని, అతని చేతికి పని రాదు.

ఇక తగవేముంది? బండి కొడుకుది, చెయ్యి తండ్రిది. ఆ మర్నాటి నుంచి పదిహేను రోజులు ఆ ఇంటి ముందు రెంచీల చప్పుడే. చక్రం వూడదీసి పంక్చరు వెయ్యడం, చైను బిగించడం, క్లచ్ వైరు మార్చడం, ఏ బోల్టు ఎంత బిగించాలో, ఎక్కడ ఆపాలో తండ్రి నేర్పారు. అబ్బాయి కంటె కోడలే తొందరగా పట్టుకున్నదని మా ఇంట్లో ఆడవాళ్ళ భోగట్టా. టైరు పక్కన అచ్చు పోసిన నాలుగంకెల రహస్యం కూడా నాకప్పుడే తెలిసింది. 2319 అని వుంటే అది 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. రబ్బరు తిరిగినా అరుగుతుంది, తిరక్కపోయినా ముదురుతుంది. అందుచేత, వాడకుండా మూలపెట్టిన పాతబండి మీటరు చూసి "ఎంత తక్కువ తిరిగిందో!" అని మురిసిపోకండి. సీళ్ళు ఎండిపోయి, పెట్రోలు జిగురై, ట్యాంకులో తుప్పుపట్టి వుండవచ్చు. బేరానికి వెళ్ళినప్పుడు ముందుగా ఇంజను మీద చెయ్యి పెట్టి చూడమంటారు ఓవర్సీరుగారు. మీరు వచ్చేసరికే అది వెచ్చగా వుంటే, చల్లని ఇంజను ఎట్లా స్టార్టవుతుందో మీకు చూపించడం యజమానికి ఇష్టం లేదన్నమాట!

దంపతులు జ్యేష్ఠంలో బయలుదేరారు. ఆషాఢం వచ్చేలోగా ఇల్లు చేరాలని అత్తగారి షరతు. తొలి ఆషాఢం కోడలు పుట్టింటికి వెళ్ళాలి కదా! ఇరవై నాలుగో రోజు సాయంత్రం దుమ్ము కొట్టుకుని, ముఖాలు నల్లబడి, నవ్వుకుంటూ వచ్చి వీధిలో దిగారు. ఆ తల్లి హారతి పళ్ళెం పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, మాట పెగలక అట్లాగే నిలబడిపోయారు.

నోటుపుస్తకం ఓవర్సీరుగారి చేతికి వచ్చింది. పంక్చర్లు రెండు. చైను బిగించడం అయిదుసార్లు. వెనక ఇండికేటరు విరగడం ఒకసారి. బోల్టు పోయి తాడుతో కట్టడం ఒకసారి. దారిలో ఆగిపోయిన కాలం మొత్తం మూడు గంటల ఇరవై నిమిషాలు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని భాగవతం చదివినంత శ్రద్ధగా ప్రతి పేజీ చదివారు.

ఈమధ్య ఆయన తన బండికి బోరు చేయించి, రింగులు మార్పించారు. ఇప్పుడూ ఆదివారం తలంటుకుని బండి తుడుస్తారు. పక్కన మాత్రం కొత్తగా ఒక నోటుపుస్తకమూ, పిల్లలకు మందు పోసే కొలతగ్లాసూ కనిపిస్తున్నాయి. మొదటి పేజీలో ఏం రాశారో చూశాను: "ఆయిలు పోసినది: ఏమీ లేదు."

వచ్చే కార్తికంలో తన వెనక కూర్చుని శ్రీశైలం రమ్మని నన్ను పిలుస్తున్నారు. పుస్తకం ఇంకో ఆరు నెలలు చూసి చెబుతానన్నాను.